ప్రేరణ పాఠంలో క్రియాపదం

పదవ తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ అనే భాగం ఉంది. అయస్కాంతం సాయంతో తీగలో కరెంటు పుట్టించడం ఎట్లాగో చెప్పే పాఠం అది. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలోని 110 మెగావాట్ల యంత్రాలు ఏడూ చేసే పనీ, కొత్తగూడెంలో బొగ్గు మండించి తిప్పే యంత్రాలు చేసే పనీ ఒకటే: తీగచుట్టల మధ్య అయస్కాంతాన్ని తిప్పడం. సౌర ఫలకాల నుంచి వచ్చేది మినహాయిస్తే, మన ఇళ్ళకూ పొలాలకూ వచ్చే కరెంటు దాదాపు అంతా ఈ పాఠంలోంచి వచ్చిందే. ఇంతటి పాఠం మన పాఠశాలల్లో ఒక వ్యాసరూప సమాధానంగా మిగిలిపోతోంది. పరికరాలు లేకపోవడం దీనికి ఒక కారణం. అది అందరికీ తెలిసిందే. రెండో కారణం వాక్యంలో ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. వాక్యం గురించి మాట్లాడవలసిన వాళ్ళం మనం కనుక, సాహిత్య విద్యార్థులు చదివే ఈ పుటల్లోనే ఆ సంగతి ఎత్తుకుంటున్నాను.

ఈ వాక్యం చూడండి: ‘సంవృత వలయంతో అనుబంధితమైన అయస్కాంత అభివాహంలోని మార్పు రేటు ఆ వలయంలో జనించే ప్రేరిత విద్యుచ్చాలక బలానికి సమానం.’ ఇది నేను కూర్చిన వాక్యమే. అయితే పుస్తకాలూ గైడ్లూ ఈ నియమాన్ని చెప్పే తీరుకు ఇది సరైన నమూనా. శాస్త్రరీత్యా ఇందులో తప్పేమీ లేదు. వ్యాకరణరీత్యా చూద్దాం. మొత్తం 14 మాటలు. వాటిలో ఒక్క సమాపక క్రియ లేదు. అన్నీ నామవాచకాలు, వాటిని అంటిపెట్టుకున్న విశేషణాలు. చివర ‘సమానం’ అని ఒక తక్కెడ. నియమానికి ప్రాణమైన మాట ‘మార్పు’. అది వాక్యం నడుమ, ‘అభివాహంలోని’కీ ‘రేటు’కీ మధ్య ఇరుక్కుపోయింది. వల్లె వేసే పిల్లవాడి నాలుక ఆ మాట మీద ఆగదు. ఆగవలసిన అవసరం వాక్యం కల్పించలేదు.

ఈ వాక్యాన్ని తడబడకుండా అప్పజెప్పిన తరగతిలోనే ఒక ప్రశ్న అడిగి చూశాను. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు సెలవులో ఉన్న గంట అది. తీగచుట్ట కొసలు రెండూ గాల్వనోమీటరుకు కలిపి ఉన్నాయి. బలమైన అయస్కాంతాన్ని చుట్టలో పెట్టి అట్లాగే వదిలేశాం. కరెంటు వస్తుందా, రాదా? వస్తుందని ఎక్కువ చేతులు లేచాయి. ఎందుకు వస్తుందని అడిగితే, ‘అయస్కాంతం ఉంది కదండీ’ అన్నారు. ఉండటానికీ మారడానికీ మధ్య ఉన్న తేడాయే ఈ పాఠం. వాళ్ళు నియమం మరిచిపోలేదు. నియమంలో ఆ తేడా వాళ్ళకు వినిపించలేదు.

ఇప్పుడు అదే సంగతిని ఇట్లా చెప్పి చూద్దాం: ‘చుట్టలోంచి పోయే బలరేఖల లెక్క మారుతున్నంతసేపే తీగలో కరెంటు పారుతుంది. ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ. మారడం ఆగితే అదీ ఆగుతుంది.’ ‘మారుతున్నంతసేపే’ అన్న ఒక్క మాటలో తెలుగు ఎంత పని చేసిందో గమనించండి. ‘తున్న’ అనే ప్రత్యయం జరుగుతూ ఉండటాన్ని చెప్పింది. ‘అంతసేపు’ కాలానికి హద్దు గీసింది. చివరి ‘ఏ’ అవధారణం తక్కిన సందర్భాలన్నిటినీ తోసిపుచ్చింది. ‘మార్పు రేటు’ అనే గణిత భావనను ‘ఎంత – అంత’ అనే జంట మోసింది. కూలి లెక్కలోనూ, వంటలో ఉప్పు లెక్కలోనూ పిల్లలు రోజూ వాడే జంటే అది. అనుపాతం అనే మాట రాకముందే అనుపాతం వాళ్ళ వాడుకలో ఉంది.

దీనికి శాస్త్ర ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరం న్యాయమైనదే. ‘సమానం’ అంటేనే లెక్క కట్టగలం, ‘అంత ఎక్కువ’ అంటే కట్టలేం అంటారు వారు. తీగ కొసలు కలపకపోతే కరెంటు పారదు గానీ కొసల మధ్య తోపు మాత్రం ఉంటుంది, ఆ తోపునే విద్యుచ్చాలక బలం అంటాం, మీ వాక్యంలో అది జారిపోయింది అనీ అంటారు. నిజమే. నామవాచకాల వాక్యం లెక్కకు పనికొస్తుంది. లెక్క చేసే రోజున దాన్ని తీసుకుందాం. నేను అడుగుతున్నది వరుస గురించి. జరిగినదాన్ని క్రియలతో చెప్పుకున్న తరువాత దానికి పేరు పెట్టుకోవాలా, లేక పేరుతో మొదలుపెట్టి జరిగినదాన్ని వెతుక్కోవాలా?

ఈ నియమం కనుక్కున్న మనిషి మొదటి దారిలోనే నడిచాడు. మైకేల్ ఫారడే 1791లో లండన్ దాపున ఒక కమ్మరి ఇంట పుట్టాడు. 14వ ఏట పుస్తకాలు బైండు చేసే రీబో అనే అతని దగ్గర పనికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలు చదవడం అలవాటు చేసుకున్నాడు. జేన్ మార్సెట్ అనే రచయిత్రి 1806లో అచ్చు వేసిన రసాయనశాస్త్ర సంభాషణలు అట్లా అతని చేతిలో పడ్డాయి. ఒక ఉపాధ్యాయురాలూ ఇద్దరు అమ్మాయిలూ మాట్లాడుకుంటూ ఉండగా శాస్త్రం సాగుతుంది ఆ పుస్తకంలో. తనను ఈ దారి పట్టించిన పుస్తకాల్లో అదొకటని ఫారడే పెద్దవాడయ్యాక చెప్పుకున్నాడు. జనం కోసం రాసిన సైన్సు పుస్తకాన్ని రెండో తరగతి రచనగా చూసే అలవాటు మన విమర్శకులకు ఉంది గనుక ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, వాటిని తిరగరాసి, తానే బైండు చేసి ఆయనకు పంపుకుని, మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా చేరాడు. ఫారడేకు గణితం రాదు. తన పరిశోధనంతా వాక్యాల్లోనే రాశాడు.

1820లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఆయిర్‌స్టెడ్, కరెంటు పారుతున్న తీగ దగ్గర దిక్సూచి సూది కదులుతుందని చూపాడు. అంటే కరెంటు అయస్కాంత ప్రభావాన్ని పుట్టిస్తుంది. అయితే అయస్కాంతం కరెంటును పుట్టించదా? ఐరోపాలో చాలామంది ఈ ప్రశ్న వెంట పడ్డారు. సమాధానం దొరకడానికి 11 ఏళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో మా తరగతి పిల్లలు చెప్పగలరు. అందరూ అయస్కాంతాన్ని పెట్టి చూశారు. పెట్టి ఉంచితే కరెంటు ఉంటుందనుకున్నారు.

జెనీవాలో కొలాడాన్ అనే యువకుడి కథ ఈ పాఠం చెప్పేటప్పుడు తప్పక చెప్పవలసింది. 1825లో అతను పెద్ద తీగచుట్టా, బలమైన అయస్కాంతమూ తీసుకున్నాడు. అయస్కాంతం దగ్గరుంటే గాల్వనోమీటరు సూదిని నేరుగా లాగేస్తుందని, గాల్వనోమీటరును పొడుగాటి తీగలతో వేరే గదిలో పెట్టాడు. అది మెచ్చుకోదగ్గ జాగ్రత్త. చుట్టలో అయస్కాంతం పెట్టి, ఆ గదిలోకి నడిచి వెళ్ళి చూశాడు. సూది కదలకుండా ఉంది. అతను నడిచి వెళ్ళేలోపు సూది కదిలింది, తిరిగి తన చోటుకి వచ్చేసింది. పక్కన ఒక మనిషి కూచుని ఉంటే చరిత్ర మరోలా ఉండేది. ఈ కథ వినగానే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులో ‘మారుతున్నంతసేపే’ అర్థమైపోతుంది.

1831 ఆగస్టు 29న ఫారడే ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రెండు చుట్టలు చుట్టాడు. తీగలు ఒకదానికొకటి తగలకుండా మధ్యన నూలుగుడ్డ వేశాడు. ఒక చుట్టకు బ్యాటరీ, రెండో చుట్ట దగ్గర సూది. బ్యాటరీ కలిపినప్పుడు సూది ఒక్కసారి ఊగి ఆగింది. కలిపి ఉన్నంతసేపూ కదలలేదు. తీసేసినప్పుడు మళ్ళీ ఊగింది, ఈసారి ఎదురు దిక్కుకి. అక్టోబరు 17న బ్యాటరీ లేకుండా, కడ్డీ అయస్కాంతాన్ని చుట్టలోకి దూర్చీ బయటికి లాగీ అదే ఫలితం రాబట్టాడు. నవంబరు 24న రాయల్ సొసైటీలో ఆ పత్రం చదివారు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడా ఇంచుమించు అదే కాలంలో తనంత తాను దీన్ని గమనించాడు. తరగతిలో చేయవలసిన ప్రయోగాల వరుస ఈ తేదీల్లోనే ఉంది. దానికి వేరే పథకం రాసుకోనక్కరలేదు.

తీగ మాటేమిటి అంటారా? ప్రతి మండల కేంద్రంలోనూ మోటారు వైండింగ్ షాపు ఒకటైనా ఉంటుంది. ఎనామిల్ పూసిన సన్నటి రాగితీగ ముక్కలు అక్కడ అడిగితే ఇస్తారు. గాల్వనోమీటరు లేకపోతే దిక్సూచి చుట్టూ అదే తీగ పాతిక చుట్లు చుట్టి, అయస్కాంతానికి దూరంగా పెట్టుకుంటే సరిపోతుంది. చుట్లు వెయ్యికి మించి వేసి బలమైన అయస్కాంతాన్ని గబగబా ఆడిస్తే చిన్న ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. కొసల దగ్గర ఎనామిల్ గీకడం మాత్రం మరవకూడదు. ప్రయోగం ‘ఫెయిలైంది’ అని పక్కన పెట్టేసిన చాలా చుట్టల జబ్బు అదే.

ఇక మాటల దగ్గరికి వద్దాం. ‘ప్రేరణ’ అనగానే మన రచయితలకు కవిత రాయించిన సంఘటన గుర్తొస్తుంది. విద్యార్థికి ఏమీ గుర్తురాదు. కానీ అదే విద్యార్థి తెలుగు గంటలో ప్రేరణార్థక క్రియలు నేర్చుకున్నాడు. చేయు – చేయించు, తిను – తినిపించు, పారు – పారించు. ఆ గంటనూ ఈ గంటనూ కలిపే తీరిక మనకు లేదు. రైతు కాలువ నీళ్ళు పొలానికి పారించాడంటే నీళ్ళు రైతులోంచి వచ్చాయని ఎవరూ అనుకోరు. అట్లాగే తీగలో కరెంటును అయస్కాంతం పారిస్తుంది. కరెంటు అయస్కాంతంలోంచి ఊడిపడదు. ఎన్నిసార్లు ఆడించినా ఆ కారణంగా అయస్కాంతం అరిగిపోదు. ‘అయస్కాంతంలోని శక్తి తీగలోకి వెళుతుంది’ అని జవాబుపత్రాల్లో కనిపించే వాక్యానికి మందు తెలుగు వ్యాకరణంలో ఉంది. పారించిన కర్త ఎవరు అన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. దానికి తరువాత వస్తాను.

‘అభివాహం’ ఇంకొంచెం చిక్కు. ప్రవాహం, వాహిని, వాహనం అన్నీ ఒకే కుదురువి. వినగానే ఏదో పారుతున్నట్టు తోస్తుంది. ఇంగ్లీషువారి ఫ్లక్స్‌ కూడా లాటిన్‌లో పారడం అనే అర్థం నుంచి వచ్చిందే కాబట్టి, మనవారు అనువాదంతోపాటు ఆ పొరపాటు సూచననూ తెచ్చుకున్నారు. అయస్కాంత అభివాహంలో పారేదేమీ లేదు. ‘విద్యుచ్చాలక బలం’లో బలం కూడా బలం కాదు, దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. ఆ తప్పు కూడా ఇంగ్లీషు నుంచి యథాతథంగా దిగుమతి అయిందే. మాట పుట్టుక చెబితే పిల్లవాడికి మాట మీద భయం పోతుంది. మాట అబద్ధమాడే చోటు చెబితే దానితో జాగ్రత్తగా మసలుకుంటాడు. ఈ రెండూ భాషోపాధ్యాయుడు చేయగలిగిన పనులు.

ఫారడేకు కూడా మాటల కరువు వచ్చింది. 1834లో విద్యుద్విశ్లేషణ గురించి రాస్తూ, కొత్త పేర్ల కోసం కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌కు ఉత్తరాలు రాశాడు. ఆనోడ్, కాథోడ్ అన్న మాటలు గ్రీకు నుంచి తీసి ఇచ్చింది ఆయనే. అయాన్ కూడా ఆ ఉత్తరాల్లోంచి వచ్చిందే. అప్పటికి ఫారడే చేతిలో ప్రయోగాలన్నీ ఉన్నాయి. పేరు చివర వచ్చింది. మనకు వరుస తలకిందులైంది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినప్పుడు కళాశాల పుస్తకాలకు వేల పారిభాషిక పదాలు కావలసివచ్చాయి. ఇంగ్లీషు పుస్తకం ఎదురుగా ఉంది, గడువు ఉంది. ఆ పని చేసినవారిని తప్పుపట్టడం సులువు, నేను పట్టను. సంస్కృతం వదిలేసి అన్నిటికీ దేశి మాటలే కల్పించాలనే పట్టుదల కూడా నాకు లేదు. ‘అభివాహం’ ఉండనివ్వండి. అయితే పదకోశం తయారైన చోట పని ముగిసిందనుకున్నాం. పదాలను కలిపి నడిపే వాక్యం గురించి ఎవరూ ఆలోచించలేదు.

1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచీ తెలుగులో శాస్త్ర వచనం ఉంది. కొడవటిగంటి కుటుంబరావు కథలతోపాటు సైన్సు వ్యాసాలూ రాశారు. వసంతరావు వేంకటరావు, మహీధర నళినీమోహన్ సామాన్య పాఠకుల కోసం శాస్త్రం రాశారు. కుటుంబరావు కథల్లో వాక్యం గురించి మన విద్యార్థులు పరిశోధన పత్రాలు రాస్తారు. ఆయన సైన్సు వ్యాసాల్లో వాక్యం గురించి రాయాలని తోచేవారు అరుదు. వచనం రెండు చోట్లా ఒకరిదే కదా!

సరే, పారనిదాన్ని పారేట్టు చెప్పే మాట బదులు పిల్లవాడికి ఏ చిత్రం ఇవ్వాలి? ఫారడే ఇచ్చిన చిత్రం బలరేఖలు. అయస్కాంతం మీద కాగితం పరిచి ఇనుపరజను చల్లితే కనిపించే గీతలు అవి. ఆ గీతలు చుట్టలోంచి ఎన్ని పోతున్నాయన్నదే అభివాహం. మా ప్రాంతంలో నేను వరిచేనును ఆసరా చేసుకుంటాను. నిలబడ్డ వరిచేను మీద ఒక పెద్ద వెదురు కడియాన్ని అడ్డంగా ఆనించామనుకోండి. కడియం లోపల ఎన్ని దుబ్బులు లేచి ఉన్నాయో లెక్కపెట్టవచ్చు. దుబ్బులు ఎక్కడికీ పారవు, నిలబడి ఉంటాయి. పంటకోత ప్రయోగాలకు వచ్చినవారు చేలో తాడు కట్టి కొలత వేయడం చూసిన పిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది. ఇప్పుడు ఆ లెక్క ఎన్ని విధాలుగా మారగలదో వాళ్ళనే చెప్పమనాలి. కడియాన్ని ఒత్తుగా ఉన్న చోటునుంచి పలచగా ఉన్న చోటికి జరిపితే మారుతుంది. ఏటవాలుగా వంచితే తగ్గుతుంది; నిట్టనిలువుగా నిలబెడితే ఒక్క దుబ్బూ లోపలి నుంచి పోదు. కడియాన్ని నొక్కి సన్నం చేసినా తగ్గుతుంది. అంతటా ఒకే ఒత్తు ఉన్న చేలో, వంచకుండా ఎంత దూరం జరిపినా లెక్క మారదు. కదలిక ఉంది, కరెంటు లేదు! ‘అయస్కాంతం కదిలితే కరెంటు వస్తుంది’ అని సగం నేర్చుకున్నవాడు ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. కడియం కదలకుండానే లెక్క మారే దారి ఇంకొకటుంది: నాట్లు వేస్తున్నప్పుడూ, కోతలు కోస్తున్నప్పుడూ. ఫారడే ఇనుప కడియం మీద బ్యాటరీ కలపడం నాట్లు, తీయడం కోతలు. ఆ రెంటి నడుమ చేను నిండుగా నిలబడి ఉంది, సూది నిద్రపోయింది.

ఉపమాలంకారానికి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు చెబుతాం. కవిత్వంలో సమానధర్మాన్ని దాచిపెట్టినా చెల్లుతుంది. శాస్త్రపాఠంలో దాన్ని పైకి చెప్పి తీరాలి, ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. చేనుకూ బలరేఖలకూ సమానధర్మం ‘కడియంలో పడే లెక్క’ ఒక్కటే. వరిదుబ్బుకు వేరూ కొసా ఉన్నాయి. బలరేఖకు లేవు, అది అయస్కాంతం లోపలినుంచి కూడా సాగి తనలో తాను కలిసిపోతుంది. దుబ్బులు విడివిడిగా నిజంగా ఉన్నాయి. రేఖలు మనం గీసుకున్నవి. కరెంటును నీళ్ళతో పోల్చే పాత ఉపమానం కూడా ఇట్లాగే హద్దు చెప్పకుండా వాడటం వల్ల చెడింది. గొట్టంలో నీటికి అది బాగుంటుంది. తాకకుండా ఇవతలి తీగ నుంచి అవతలి తీగలో కరెంటు పుట్టడాన్ని ఆ నీళ్ళు ఎన్నడూ వివరించలేవు.

ఉపమానం సంగతి వచ్చింది గనుక ఒక పక్క మాట. అయస్కాంతాన్ని నిలిపి చుట్టను కదిపినా అదే కరెంటు వస్తుంది. పిల్లలకు ఇది సహజంగానే తోస్తుంది. కానీ పాత సిద్ధాంతం ఈ రెంటినీ రెండు వేరు వేరు కారణాలతో వర్ణించేది. జరిగింది ఒకటైనప్పుడు వర్ణనలు రెండెందుకు అన్న అసంతృప్తితోనే ఐన్‌స్టైన్ 1905 నాటి సాపేక్షతా పత్రాన్ని ప్రారంభించాడు. పదో తరగతి అయస్కాంతమూ తీగా ఆ పత్రం మొదటి పేరాలోనే ఉన్నాయి.

ఇప్పుడు కర్త ఎవరన్న ప్రశ్న. 1834లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి లెంజ్ ప్రకటించిన నియమం దీనికి జవాబు. పుట్టిన కరెంటు, తనను పుట్టించిన మార్పును వ్యతిరేకించే దిక్కులో పారుతుంది. ఇక్కడ పిల్లలు కర్మ దగ్గర పొరబడతారు. ‘అయస్కాంతాన్ని వ్యతిరేకిస్తుంది’ అని రాస్తారు. అట్లా అయితే ఎప్పుడూ నెట్టెయ్యాలి. నిజానికి ఉత్తర ధ్రువాన్ని చుట్ట దగ్గరికి తెస్తుంటే చుట్ట ఆ ముఖాన ఉత్తర ధ్రువంలా మారి తోస్తుంది. వెనక్కి తీసుకుంటుంటే దక్షిణ ధ్రువంలా మారి లాగుతుంది. రావద్దంటుంది, వచ్చాక పోవద్దంటుంది. వ్యతిరేకించేది మార్పును. తీగకు ఇష్టానిష్టాలు అంటగట్టే ఈ చమత్కారం జ్ఞాపకానికి మంచిదే. దానితోనే ఆపేస్తే పాఠం పురాణమవుతుంది. అసలు లెక్క శ్రమది. తోస్తున్న చుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చాలంటే చెయ్యి పనిచేయాలి. లాగుతున్న చుట్టలోంచి తీయాలన్నా పనిచేయాలి. ఆ పనే కరెంటుగా మారింది. చుట్ట ఎదురు చెప్పకుండా సాయపడి ఉంటే, ఒకసారి తోసి వదిలేస్తే ఊరికే కరెంటు వస్తూనే ఉండేది. ప్రకృతిలో అటువంటి ఈనాం భూములు లేవు. కాబట్టి ‘పారించిన’ కర్త చెయ్యి. విద్యుత్కేంద్రంలో అయితే పైనుంచి పడుతున్న నీళ్ళు, బొగ్గు మంట. అయస్కాంతం నడుమనున్న పనిముట్టు.

దీన్ని శరీరంతో తెలుసుకున్న తరం మాది. సైకిలు డైనమోను చక్రానికి ఆనించగానే పెడలు బరువెక్కేది. దీపం వెలుగుతున్నంతసేపూ పిక్కలు చెప్పేవి లెంజ్ నియమం. ఇప్పటి పిల్లలకు డైనమో తెలియదు. వాళ్ళకు ఒక గొట్టం చాలు. కర్టెన్లు వేలాడదీసే అల్యూమినియం గొట్టంలాంటిది, గోడ కాస్త మందంగా ఉన్నది తీసుకోవాలి. అయస్కాంతం దానికి అంటుకోదని ముందు చూపాలి. గొట్టంలో గులకరాయి వేస్తే టక్కున కింద పడుతుంది. లోపల పట్టే బలమైన చిన్న అయస్కాంతాన్ని వేస్తే, బావిలోకి చేద దింపినట్టు నెమ్మదిగా దిగుతుంది. అయస్కాంతం దిగుతున్నప్పుడు గొట్టం గోడలో సుళ్ళు తిరిగే కరెంట్లు పుట్టి దాన్ని నిలవేస్తున్నాయి. ఇంట్లో ఇండక్షన్ పొయ్యి ఉన్న పిల్లలకు ఆ సుళ్ళు ముందే పరిచయం. పొయ్యి అద్దం కింద ఉన్న చుట్టలో కరెంటు సెకనుకు ఇరవై వేలసార్లకు పైగా అటూ ఇటూ మారుతుంటే, గిన్నె అడుగున సుళ్ళు పుట్టి గిన్నే వేడెక్కుతుంది. ఇండక్షన్ అంటే ప్రేరణే. పొయ్యి మీద రాసి ఉన్న మాటా పాఠం పేరూ ఒకటేనని ఎవరూ చెప్పకపోవడం వల్ల, వంటిల్లు వేరు, భౌతికశాస్త్రం వేరు అయిపోయాయి.

తీగ కోసం వైండింగ్ షాపుకి వెళ్ళినప్పుడు, ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏసీయే ఎందుకు కావాలని అక్కడి మెకానిక్‌ను అడిగాను. ‘డీసీ ఇచ్చారంటే కాయిలు మాడిపోద్దండి మాస్టారూ. కరెంటు అటూ ఇటూ ఊగుతుండాలి. ఊగితేనే అవతల కాయిల్లో కరెంటు పుట్టుద్ది’ అన్నాడు. నా ‘మారుతున్నంతసేపే’ కన్నా అతని ‘ఊగితేనే’ మెరుగు. సెకనుకు 50 ఆవృత్తాలుగా ఊగే కరెంటు గనుకనే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టుల లైనునుంచి మన ఇళ్ళకు 230 వోల్టులు దించగలుగుతోంది. దాని దగ్గర నిలబడితే వినిపించే జుమ్మనే మోత ఆ ఊగుడుకు లోపలి ఇనుము పలికే బదులు. ఈ మనిషి నోట విద్యుచ్చాలక బలమూ లేదు, అభివాహమూ లేదు. క్రియలు మాత్రం అన్నీ ఉన్నాయి. ఊగడం, పుట్టడం, మాడిపోవడం. అతని మాటలే శాస్త్రమని నేననను. ఎన్ని చుట్లకు ఎన్ని వోల్టులో అతనూ పట్టిక చూసుకునే వేస్తాడు. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌ను ‘పరివర్తకం’ అని, కాయిల్‌ను ‘తీగచుట్ట’ అని రాస్తేనే మార్కులు వేసే పద్ధతి ఆ మెకానిక్ కొడుకును తన ఇంటి భాషలోని శాస్త్రానికే పరాయివాణ్ణి చేస్తోంది.

ఇటీవలి సంవత్సరాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు. మాధ్యమం మీద వాదోపవాదాలు ఇక్కడ ఎత్తుకోను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంటే మాత్రం ఒక సంగతి కనిపిస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో చివరనున్న నామవాచకం తెలుగులో మొదటికొచ్చింది, మొదటిది చివరకొచ్చింది, లెక్క సరిపోయింది. కుడి ఎడమలు తిరగేసిన ఇంగ్లీషుకు తెలుగు పేజీ అని పేరు. రెండు పేజీలూ పక్కపక్కనే ఉన్నప్పుడు తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీ చెప్పలేనిదేదైనా చెప్పాలి. ‘నంతసేపే’ వంటిది ఒక్కటైనా. లేకపోతే పిల్లవాడు దాన్ని ఎందుకు చదవాలి?

ప్రశ్నపత్రం తయారుచేసే మిత్రులకు ఒక ప్రశ్న సూచిస్తాను. ‘ముగ్గురు పిల్లల దగ్గర ఒకేలాంటి కాయిళ్ళూ, గాల్వనోమీటర్లూ, అయస్కాంతాలూ ఉన్నాయి. ఒకరు అయస్కాంతాన్ని కాయిల్‌లోకి మెల్లగా దూర్చారు. ఇంకొకరు గబుక్కున దూర్చారు. మూడోవారు అయస్కాంతాన్ని కాయిల్ లోపలే ఉంచి, రెంటినీ కదలకుండా కలిపి కట్టి, గాల్వనోమీటరుతో సహా పట్టుకుని గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు నడిచారు. ఎవరి సూది ఎట్లా కదులుతుంది? ఎందుకు? మీ మాటల్లో రాయండి.’ దీనికి గైడులో జవాబు దొరకదు. ‘మీ మాటల్లో’ అని అడిగాక కాయిల్ అని రాసినా, కరెంటు అని రాసినా, ‘ఊగితేనే’ అని రాసినా పూర్తి మార్కులు వేయాలని దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో కూడా రాసిపెట్టాలి.